పులివెందులలో ఎనిమిది చుట్టినవాళ్లు

గురువారం పొద్దున పేపర్లో జిల్లా పేజీ తిప్పుతూ ఉంటే నాలుగు లైన్ల వార్త ఒకటి కంటబడింది. పులివెందులలో ఆదివారం పురుషుల ఫిగర్ స్కేటింగ్ ఎంపిక పోటీలు, పది గంటలకు మొదలు, చూడటానికి ఎవరైనా రావచ్చు. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టి మళ్లీ చదివాను. ఏదో పెద్ద నగరం పేరు పడాల్సిన చోట పొరపాటున పులివెందుల అని పడిందేమో అనుకున్నాను.

నా సంగతి చెప్పకపోతే ఈ ఆత్రం మీకు అర్థం కాదు. ప్రొద్దుటూరులో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న టీచర్ని. పదకొండేళ్ల కిందట బడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని రెండు నెలలు మంచంలో ఉన్నాను. అప్పుడు ఫోన్లో అనుకోకుండా మగవాళ్ల ఫిగర్ స్కేటింగ్ చూశాను. సన్నటి ఇనుప అంచు మీద నిలబడి, మంచు మీద నుంచి పైకి లేచి, గాలిలో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతారు. జారిపడి మంచమెక్కిన మనిషికి అంతకంటే ఆశ్చర్యమైనది ఇంకేముంటుంది? అప్పటి నుంచి ఒక్క పోటీ వదల్లేదు. దూకే ముందు ఏ కాలు వెనక్కి పోతుందో చూసి ఏ దూకుడో చెప్పేస్తాను. దిగేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంటాను. పోయిన నెల పోటీలో మా వాడు మూడుసార్లు పడ్డాడు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా వాడంటే నాకేమీ కాడు, ఏ దేశంవాడో ఏమో, నేనొక దాన్ని ఉన్నానని కూడా వాడికి తెలియదు.

పులివెందులలో మంచు ఉండదని నాకూ తెలుసు. చక్రాల మీద ఆడతారు. అయినా ఎగురుతారు కదా, తిరుగుతారు కదా, కళ్లెదుటే చూడొచ్చు కదా. మా ఆయనకు చెప్తే పేపరు దించకుండానే, "జారేది చూడ్డానికి పులివెందుల దాకా ఎందుకు, మన మిద్దె మీద పాచి పట్టింది" అన్నాడు. ఆదివారం ఒక్కదాన్నే బయల్దేరాను.

ఆరుంబావుకి ప్రొద్దుటూరు బస్టాండులో ఉన్నాను. నేరుగా పులివెందులకు పోయే బస్సు తొమ్మిదికి కానీ లేదన్నారు. "తొందరుంటే జమ్మలమడుగు పోయి ఆడ పట్టుకోండమ్మా" అన్నాడు విచారణ కిటికీలో మనిషి. మీరెవరైనా పోదలిస్తే ఇదే మంచిది. ఆరున్నర జమ్మలమడుగు బస్సు ఎక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకున్నాను. పక్కన కూర్చున్న ముసలావిడ నా చేతిలో సంచి, నీళ్ల సీసా, టోపీ అన్నీ పరిశీలించి మొదలుపెట్టింది.

"యాడికి పోతాండావమ్మా?"

"పులివెందులకి అవ్వా, ఆట చూడను."

"ఎవరాడేది, నీ కొడుకా?"

"నా వాళ్లెవరూ లేరు."

"మనోళ్లు ల్యాకపోతే ఇంక చూసేదేముండాది?" అని తల అటు తిప్పుకుంది. నేనూ నొచ్చుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఏడుంబావుకి జమ్మలమడుగు. బస్టాండు ఎదురుగా బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఉగ్గాని వేడిగా ఉంది, బజ్జీ కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఏడున్నరకి కదిలింది. కదిలే ముందు ఒక జంట పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. అతనికి ముప్పై మూడు ముప్పై నాలుగేళ్లుంటాయి, సన్నగా ఎండిన మనిషి. కుడిచేతి వేళ్లు రెండు సగానికి లేవు. ఆమె ఒళ్లో చిన్న గుడ్డమూట పెట్టుకుని నా పక్కన కూర్చుంది. అతను ముందు సీట్లో కూర్చుని, కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచి సర్దుకుంటుంటే అందులోంచి తోలు బూటు, దాని కింద నాలుగు చక్రాలు బయటికొచ్చాయి.

పదకొండేళ్లలో స్కేటింగ్ చేసే మనిషిని కళ్లారా చూడటం అదే మొదటిసారి, అదీ జమ్మలమడుగు బస్సులో. సిగ్గు విడిచి అడిగేశాను. అతని పేరు ఓబులేసు, ఆమె గంగాదేవి. జమ్మలమడుగు పక్కనే పల్లె. అతను నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సారు నేర్పించాడట. ఆ సారు ఇప్పుడు పులివెందులలోనే పిల్లలకు నేర్పుతున్నాడు.

"మీరు ఎన్ని చుట్లు తిరుగుతారు గాల్లో?" అన్నాను.

"ఎగిరేది దూకేది నాకు రాదు మేడం. నాది ఎనిమిదే."

"ఎనిమిది చుట్లా?"

అతను నవ్వాడు. "చుట్లు కాదు మేడం. ఎనిమిది అంకె. నేల మీద రెండు సున్నాలు ఆనించి గీసుంటాది. ఒంటికాలి మీద ఆ గీత తప్పకుండా పోవాల. దాన్నే ఫిగర్ అంటారు."

నేను మర్యాదకి తల ఊపాను. అతను ఎంత ఓపిగ్గా చెప్పినా లోపల మాత్రం ఇదేం ఆట అనుకున్నాను. ఇంటి పక్క ఖాళీ జాగాలో ఫ్యాక్టరీలో పనికిరావని పారేసిన నల్ల నాపరాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి పరిచాడట. తెల్లారకముందే గంగాదేవి మేకు పాతి, తాడు కట్టి, దాని చుట్టూ తిరుగుతూ ముగ్గుతో రెండు సున్నాలు గీస్తుంది. అతను వాటి మీద చక్రాలు నడుపుతాడు. చక్రం పోయిన చోట ముగ్గు చెదిరిపోతుంది.

"ముగ్గు యాడన్నా మిగిలిందంటే ఆడ నేను తప్పినట్టు" అన్నాడు.

"ఇప్పుడేం మిగలదక్కా. తుడిచిపెట్టినట్టు పోతాది" అంది గంగాదేవి. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న గర్వం చూసి నాకు ముచ్చటేసింది. ఒళ్లోని మూటలో ఉన్నది కూడా ముగ్గేనట. నేల నున్నగా ఉంటే పట్టు దొరకడానికి చక్రాలకు రాస్తాడట.

ఆ తర్వాత ఓబులేసు వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఈ పొద్దు ఎనిమిది ఆటకు వేరుగా తొమ్మిదిమందిలో ఒక్కర్ని తీసుకుంటారు మేడం. నేను కాకపోతే ఈ చక్రాలు మా సారుకే ఇచ్చేసి వస్తా. చెప్పి పెట్టినా ఆయనకు. ఆరేండ్లు చూసుకున్నా, ఇంక చాలు." గంగాదేవి మూట ముడి విప్పి మళ్లీ బిగించింది. చెప్పొద్దూ, ఆ క్షణం నుంచి నేను ఓబులేసు అభిమానిని. నాకు అభిమానం అలాగే పుడుతుంది, ముందూ వెనకా చూడదు.

ముద్దనూరు దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. ముందర ట్రాక్టరు ట్రాలీ తిరగబడి రోడ్డు నిండా బుడ్డల మూటలు, అదే వేరుశనగ కాయల మూటలు, పడున్నాయి. ఎనిమిదుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా అక్కడే. మగవాళ్లంతా దిగి మూటలు పక్కకి లాగారు, ఓబులేసు అందరికంటే ఎక్కువ లాగాడు. వద్దయ్యా నడుం పట్టేస్తుందని నేను కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాను. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర వరకు పోటీదారులు ఆ నేల మీద తిరిగి చూసుకునే సమయమట. అది అక్కడే రోడ్డు మీద అయిపోయింది.

పదీ ఇరవైకి పులివెందుల బస్టాండులో దిగి, ముగ్గురం ఒకే ఆటో ఎక్కి ఊరి చివర మైదానానికి పోయాము. ఎర్రరంగు వేసిన పెద్ద సిమెంటు నేల, చుట్టూ నడుము ఎత్తు కమ్మీలు, ఒక పక్క రేకుల నీడ. ఓబులేసు పరిగెత్తాడు. అతని వంతు ఏడోది కాబట్టి పేరు కొట్టేయలేదు. గంగాదేవి చక్రాలకు ముగ్గు రాస్తూ కూర్చుంది. నేను నీడలో జాగా చూసుకుని కూర్చుని, సంగీతం కోసం ఎదురుచూశాను.

నేల మీద నల్లరంగుతో రెండు పెద్ద సున్నాలు ఆనించి గీసి ఉన్నాయి. ఒక పొడుగాటి మనిషి దాని మీద మెల్లగా తిరుగుతున్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలు వంగి అతని కాళ్లకేసి చూస్తున్నారు. ఇంకా వేడెక్కుతున్నారు కాబోలు అనుకున్నాను. పక్కన తెల్లచొక్కా, మెలితిప్పిన మీసాలతో ఒక రైతు ఉన్నాడు. చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, ఉన్నాయట.

"ఎప్పుడు మొదలుపెడతారు మామా?" అని అడిగాను.

"మొదలై అర్ధగంటాయమ్మా. నేనూ అదే చూస్తాండా. గానుగెద్దు మాదిరి తిరుగుతాండారు, ఇంతేనా, ఇంకేమన్నా ఉండాదా?"

సంగీతం లేదు. మెరిసే బట్టలు లేవు. ఎగరడం లేదు. ఒక మగవాడు ఒంటికాలి మీద సున్నా చుట్టి, కాలు మార్చి ఇంకో సున్నా చుట్టి, మళ్లీ మొదటికి రావడం. ఇలా రెండు చుట్లు. అయ్యాక నిలబడి దండం పెట్టి వెళ్లిపోవడం. ఎగిరే ఆట మధ్యాహ్నం ఉందట, ఇది మొదటి భాగమట. దీనికా తెల్లారి లేచి వచ్చాను అనిపించింది. పదకొండేళ్ల అభిమానం ఒక్క దెబ్బకు నీరుగారిపోయింది.

అయితే వేరే పని లేదు కాబట్టి చూస్తూ కూర్చున్నాను. మూడోవాడు వచ్చేసరికి చక్రాల చప్పుడు వినడం తెలిసింది. గీత మీద ఉన్నంతసేపూ చప్పుడు ఒక్కటే తీరుగా సన్నగా ఉంటుంది, తప్పబోయేటప్పుడు గరగరమంటుంది. ఐదోవాడు వచ్చేసరికి, గాల్లో ఉన్న కాలు కదిలినప్పుడల్లా కింది కాలు గీత నుంచి వెంట్రుకవాసి జరగడం కూడా కనిపించింది. ఆరోవాడు చివరి మలుపులో గీత దాటితే నేనే "అయ్యో" అన్నాను. మీసాల మామ కూడా మాట్లాడటం మానేసి ముందుకు వంగాడు.

పదకొండూ పదికి ఓబులేసు పేరు పిలిచారు.

అతను ఎనిమిది అంకె నడుమ, రెండు సున్నాలు ఆనుకునే చోట, చేతులు చాచి నిలబడ్డాడు. వేళ్లు లేని చెయ్యి కూడా చక్కగా చాచాడు. ఒక్క నెట్టుకి బయల్దేరాడు. చప్పుడే రాలేదు. అంతకుముందు ఆరుగురిలో ఒక్కడూ అంత నెమ్మదిగా, అంత నిబ్బరంగా పోలేదు. చక్రాలకున్న ముగ్గు వెనకాలే తెల్లగా దారి వదులుతోంది. నేను ఆనందంతో గంగాదేవి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

అప్పుడు చూశాను. తెల్లగీత నల్లగీతను వదిలేస్తోంది. మొదట వేలెడు, తర్వాత బెత్తెడు. సున్నా అవతలి కొసకు పోయేసరికి నల్లగీత ఎక్కడో బయట ఉంది, ఓబులేసు మూరెడు లోపల ఉన్నాడు. అతనికీ కనబడింది. తల కిందికి వంగింది. అయినా ఆగలేదు, అదే వాలులో తిరుగుతూ మళ్లీ నడుమకు, ఖచ్చితంగా నడుమకు వచ్చాడు. కాలు మార్చాడు. రెండో సున్నా కూడా అంతే, మూరెడు లోపల. రెండో చుట్టు మొదలుపెట్టాడు. ఈసారి నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అయిపోయింది.

ఎర్రనేల మీద నల్ల ఎనిమిది ఉంది. దాని లోపల తెల్ల ఎనిమిది ఉంది. రెండుసార్లు తిరిగిన మనిషివి రెండు తెల్లగీతలు ఉండాలి కదా. ఒక్కటే ఉంది. ఇరవై ఆరేళ్లుగా నల్లబల్ల మీద చేత్తో సున్నా గీస్తున్నాను, మొదలైన చోటుకి నా సున్నా ఒక్కనాడూ తిరిగి రాలేదు. వృత్తలేఖిని పెట్టి గీసినా ఇంతకంటే గుండ్రంగా రాదు.

"సున్నా లోపల సున్నా పెట్టినాడే" అన్నాడు మామ గొంతు తగ్గించి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిర్ణేతల్లో పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని తెల్లగీతను వేలితో ముట్టి చూశాడు. దాని వెంబడే చుట్టూ నడిచి వచ్చాడు. మిగతా ఇద్దరితో ఏదో మాట్లాడాడు. మార్కులు చదివితే అప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే తక్కువ ఓబులేసువే.

నాకు కోపం ఆగలేదు. కమ్మీ కింద నుంచి దూరి పెద్దాయన దగ్గరికి పోయాను. "ఆ సున్నాలో తప్పేముందో చెప్పండి. నేను లెక్కల టీచర్ని."

ఆయన నన్ను గద్దించలేదు. "తప్పేం ల్యాదమ్మా. అంత సమమైన సున్నా నేనెప్పుడూ చూడల్యా. కానీ ఈడ పెట్టిన గీత మీద పోవాల. ఆయప్ప తన గీత తానే గీసుకున్యాడు" అన్నాడు. ఆయన కళ్లద్దాల వెనక తడి కనిపించి నేను నోరు మూసుకుని వచ్చేశాను.

ఒక్కొక్కరికి రెండు ఎనిమిదులట. అందరూ ఒకసారి తిరిగాక అతని వంతు మళ్లీ వచ్చింది. ఈసారి ఓబులేసు నల్లగీత మీదే పోవాలని పట్టుదలగా పోయాడు. ఒళ్లు ఒక దిక్కుకు, కళ్లు ఒక దిక్కుకు లాగుతున్నట్టు ఉంది. అవతలి కొసన ఊగి, రెండో కాలు నేలకు ఆనించేశాడు. తొమ్మిదిమందిలో తొమ్మిదో స్థానం. అతను నిర్ణేతలకు దండం పెట్టి వచ్చి గంగాదేవి పక్కన కూర్చుని బూట్లు విప్పాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

పన్నెండున్నరకి మైదానం బయట మెస్సులో సంగటి, ఊరుబిండి, పప్పు పెట్టించుకున్నాను. పులివెందుల పోయినవాళ్లు తప్పక తినాల్సిన వేరుశనగ పచ్చడి ఆ ఊరుబిండి, నాకు మాత్రం ముద్ద దిగలేదు. వాళ్లిద్దరినీ పిలిస్తే ఆకలి లేదన్నారు. మధ్యాహ్నం సంగీతం పెట్టారు. నేను దేనికోసం వచ్చానో అదంతా జరిగింది. నల్ల బట్టల్లో ఒకతను గాల్లో రెండు చుట్లు తిరిగి నా ముందే పది అడుగుల దూరంలో ఒంటికాలి మీద దిగాడు. జనం ఈలలు వేశారు. నేను కళ్లు మూసుకోవడం కూడా మర్చిపోయి చూశాను, కానీ చూపు ఆ ఎర్రనేల మీదే ఉంది. పొద్దుటి తెల్లగీతను అందరి చక్రాలూ తొక్కి చెరిపేస్తున్నాయి.

మూడింటికి ఓబులేసు సంచి తీసుకుని తన సారు దగ్గరికి పోయాడు. ఆయన బట్టతల మనిషి, పిల్లల బూట్లకు తాళ్లు కడుతున్నాడు.

"నాకెందుకురా, ఉంచుకో" అన్నాడు.

"ఇస్తానని చెప్పినా కద సార్. ఎవరికన్నా పనికొస్తాయి." బూట్లు రెండూ జాగ్రత్తగా నేల మీద పెట్టి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాడు. అంత తేలిగ్గా ఇచ్చేస్తాడని నేననుకోలేదు. ఆరేళ్లు తెల్లవారుజామున లేచిన మనిషి, పాత గొడుగు ఇచ్చినట్టు ఇచ్చేశాడు.

మూడూ నలభైకి జమ్మలమడుగు బస్సు. జనం పలచగా ఉన్నారు. ఓబులేసు ముందర డ్రైవరు వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. గంగాదేవి నా పక్కన. ఊరు దాటి అరటి తోటలు మొదలయ్యాక నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి దిగ్భ్రమలో ఉండి ఆలోచించలేదు కానీ, అది చేతకాని సున్నా కాదు. వేరే కొలత సున్నా. నడుమ దగ్గర కలిసి, కొసన మూరెడు తేడా అంటే అడ్డుకొలత మూరెడు తక్కువ. కేంద్రం నుంచి తాడు జానెడు తక్కువ. బడిలో ఎనిమిదో తరగతి లెక్క.

"గంగాదేవీ, ఇంటి దగ్గర తాడు ఎంత పెట్టుకుంటారమ్మా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"వాళ్ల సారు మూడు మీటర్లకి ముడేసి ఇచ్చినాడక్కా. నేనే ముడి జానెడు లోపలికి జరిపినా."

నేను విన్నది నాకే నమ్మబుద్ధి కాలేదు. "ఎందుకు?"

"జాగా పట్టల్యా. అవతల పక్కింటోళ్ల గోడ. రెండు సున్నాలు గీస్తే రెండు మూరలు గోడలోకి పోతాండాయి. అప్పుడు ఆయప్పకు మిషన్లో వేళ్లు పోయి ఆరు నెల్లు. అన్నం తినమంటే తినడు, పిలిస్తే పలకడు, గోడకు తిరిగి పండుకోని ఉన్యాడు. ఏదో దేవుడు బుద్ధి ఇచ్చి చక్రాలు బయటికి తీసినాడు. ఆ బండలు పరిచినన్నాళ్లూ మనిషయినాడక్కా. అన్నీ పరిచినాక జాగా చాలదని చెప్తే మళ్లా గోడకు తిరుగుతాడు. తెల్లారి లేసి ముడి జరిపినా. తర్వాత చెప్దాంలే అనుకున్యా. ఆరేండ్లాయ."

ఆరేళ్లు. రోజూ తెల్లవారకముందే లేచి, వంగి, తప్పుడు సున్నా గీసింది. ఆయన దాన్ని ఒప్పుగా చుట్టాడు. పొద్దున బస్సులో ముగ్గు మిగలదని చెప్పినప్పుడు ఆమె ముఖంలో చూసిన గర్వం నిజమైనదే. ముందు ఆమె మీద కోపమొచ్చింది, ఎవరి ఆరేళ్లని ఇలా చేశావు అని. మరుక్షణం నేనైతే ఏం చేసుండేదాన్ని అనిపించింది. గోడకు తిరిగి పడుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలియదు.

"ఈ పొద్దన్నా సమయం దొరికితే చెప్పాలనుకున్నావా?" అన్నాను.

"ముందే పోతే ఆడ తిరిగి చూసుకుంటాడు, సర్దుకుంటాడులే అనుకున్యా. ట్రాక్టరు పడిపాయ. ఆయప్ప వంతు వచ్చేసరికి నా నోరు పెగల్యా." ఒళ్లోని మూట ముడి బిగించి, "ఇప్పుడు చెప్తే నా మొగం చూడడక్కా" అంది.

"చెప్పకపోతే ఆరేళ్లు చేతకాని పని చేశానని అనుకుంటాడు బతికినన్నాళ్లూ." నా గొంతు నాకే కటువుగా వినిపించింది. బడిలో పిల్లలతో మాట్లాడే గొంతు అది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఊగుతున్న బస్సులో కమ్మీలు పట్టుకుంటూ ముందుకు పోయి అతని పక్కన కూర్చుంది. నేను సిగ్గు లేకుండా లేచి వెళ్లి వాళ్ల వెనక సీట్లో కూర్చున్నాను.

ఆమె చెప్పింది. ముడి, గోడ, జానెడు. అతను అద్దంలోంచి రోడ్డు చూస్తూనే విన్నాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు చెయ్యెత్తుతాడు అని నేను బిగుసుకుని కూర్చున్నాను.

"ఆరేండ్లూ ఒకటే కొలతా?" అన్నాడు.

"ఒకటే."

"ఒకనాడన్నా మళ్లా జరిపినావా?"

"ల్యా. జరపల్యా."

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అయితే నేను గీత తప్పల్యా."

"ఒక్క పొద్దు కూడా తప్పల్యా" అంది గంగాదేవి.

బస్సు తొండూరు చేరుతోంది. ఓబులేసు లేచి నిలబడి కండక్టరుని పిలిచాడు. "అన్నా, ఈడ ఆపు. దిగాల."

"టికెట్టు జమ్మలమడుగుకు కదప్పా తీసుకున్యావు?"

"చక్రాలు మర్చిపోయి వచ్చినా" అన్నాడు ఓబులేసు.

ఇద్దరూ దిగారు. అతను వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు దాటి పులివెందుల బస్సు ఆగే వైపుకు పోయాడు, ఆమె వెనకాలే పోయింది. మా బస్సు కదిలేటప్పటికి అవతలి పక్క నిలబడి అతను చేతులు విసురుతూ గట్టిగా ఏదో అంటున్నాడు. ఆమె కూడా ఊరుకోకుండా ఎదురు సమాధానం చెబుతోంది. ఆరేళ్లకు సరిపడా గొడవ అది, తొండూరు స్టాపులో తెమిలేది కాదు. మాట్లాడుకుంటున్నారు, అది చాలనిపించింది నాకు.

ఐదుంబావుకి జమ్మలమడుగు, అక్కడ బస్సు మారి ఆరుంబావుకి ప్రొద్దుటూరు చేరాను. మీరెవరైనా పోతే పొద్దుటి భాగం తప్పక చూడండి, ఎగిరేది ఎలాగూ అందరూ చూస్తారు. ఇంట్లో అడుగుపెడుతుంటే మా ఆయన ఎవరు గెలిచారని అడిగాడు. చెప్పబోయి ఆగిపోయాను. గెలిచిన మనిషి పేరేమిటో, ఎక్కడివాడో, ఆఖరికి ఎవరిని ఎంపిక చేశారో కూడా నేను కనుక్కోలేదు. పదకొండేళ్లలో గెలిచినవాడి పేరు తెలుసుకోకుండా పోటీ చూసి లేచి రావడం నాకు ఇదే మొదటిసారి. సంచి కింద పెట్టి ఆయన ఎదుట కూర్చుని, జానెడు ఎంతుంటుందో చేత్తో చూపించి మొదటి నుంచి చెప్పాను. ఆయన పేపరు దించి విన్నాడు.